రీబూట్ కొట్టిన సర్వర్ తిరిగి రాకపోతే: ఐపీఎంఐ, కాన్‌సర్వర్‌లతో రిమోట్ కన్సోల్ సెటప్, నిర్వహణ

రాత్రి పదకొండున్నరకి కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టాను. సర్వర్ హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్‌లో ఉంది, నేను రాజమండ్రిలో ఉన్నాను. మామూలుగా నాలుగు నిమిషాల్లో పింగ్ వచ్చేస్తుంది. ఆ రోజు పది నిమిషాలైనా రాలేదు. రిమోట్ కన్సోల్ (దూరం నుంచే సర్వర్ తెర చూసి టైపు చేసే సదుపాయం) ఉంది కదా అన్న ధైర్యంతో తెరిస్తే నల్లటి తెర కనిపించింది. ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి అక్కడి టెక్నీషియన్‌ని నిద్ర లేపితే, అతను మానిటర్ తగిలించి ఫోన్లో చదివాడు: "సార్, రూట్ అకౌంట్ లాక్ అయి ఉందంటోంది. ఎంటర్ కొడితే మళ్లీ అదే వస్తోంది."

జరిగింది ఇది. రెండు వారాల కిందట ఒక డిస్క్ తీసేశాం కానీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఫైలు) దాని లైను అలాగే ఉండిపోయింది. బూట్‌లో అన్నిటినీ లేపే ప్రోగ్రాం సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లింది. ఉబుంటులో రూట్‌కి, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్‌కి, మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి ఎమర్జెన్సీ షెల్ తెరుచుకోలేదు. నెట్‌వర్క్ రాలేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా లేదు. ఒక్క లైను ముందు హాష్ గుర్తు పెడితే సరిపోయే పనికి మూడు గంటలు పట్టింది.

ఆ తర్వాత మా సర్వర్లన్నింటికీ కన్సోల్ ఎలా సెట్ చేశానో వరసగా రాస్తున్నాను. లైనక్స్, అందులోనూ డెబియన్, ఉబుంటులను దృష్టిలో పెట్టుకుని రాశాను. కమాండ్లను పలికినట్టే తెలుగులో ఇస్తున్నాను, మీరు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

మొదటి మెట్టు: బీఎంసీ కేబుల్ ఎక్కడుందో చూడండి

సర్వర్ మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ వేరుగా ఉంటుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్గులో కరెంటు ఉంటే అది పనిచేస్తూనే ఉంటుంది. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వాళ్లు ఐలో అంటారు. దాంతో మాట్లాడే భాష ఐపీఎంఐ. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి 1998లో తెచ్చాయి. మనకు కావలసిన సీరియల్ ఓవర్ లాన్, అంటే సీరియల్ పోర్టు మీద వచ్చే అక్షరాలను నెట్‌వర్క్ మీద పంపే సదుపాయం, 2004లో వచ్చిన 2.0 వెర్షన్‌తో ప్రమాణంలో చేరింది. అందరూ దాన్ని సోల్ అంటారు. యూడీపీ 623 పోర్టు వాడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా బోర్డుల్లో బీఎంసీకి ప్రత్యేకమైన ఈథర్‌నెట్ పోర్టు ఉంటుంది. దానికి కేబుల్ పెట్టకపోతే కొన్ని బోర్డులు సర్వర్ మామూలు పోర్టు మీదే బీఎంసీని బయటపెడతాయి. ఆ పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కి ఉంటే బీఎంసీ కూడా ఇంటర్నెట్‌లో ఉన్నట్టే. సెట్టింగ్స్‌లో ఫెయిలోవర్ అని ఉంటే డెడికేటెడ్‌కి మార్చండి. తర్వాత సర్వర్‌లోంచి బీఎంసీతో మాట్లాడే ఐపీఎంఐటూల్ కమాండ్‌తో ఐపీఎంఐటూల్ లాన్ ప్రింట్ 1 కొట్టి ఐపీ సరిచూసుకోండి. బీఎంసీలన్నీ ఒక విడి వీలాన్‌లో (మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేసిన భాగం) ఉండాలి. దాంట్లోకి కన్సోల్ సర్వర్ (ఐదో మెట్టులో పెట్టబోయే మెషీన్) తప్ప ఇంకెవరూ రాకూడదు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఐపీఎంఐ 2.0లో లాగిన్ పూర్తి కాకముందే, యూజర్ పేరు తెలిస్తే చాలు, ఆ యూజర్ పాస్‌వర్డ్ తాలూకు హాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన విలువ) బీఎంసీ అడిగినవాడికి ఇచ్చేస్తుంది. వాడు ఇంట్లో కూర్చుని తీరిగ్గా దాన్ని విరగ్గొట్టుకోవచ్చు. 2013లో దీనికి సీవీఈ నంబరు (భద్రతా లోపాలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా పడింది. లోపం ప్రోటోకాల్ డిజైన్‌లోనే ఉంది కాబట్టి ఏ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దీన్ని పూర్తిగా తీర్చలేదు. 2018లో జంగిల్‌సెక్ అనే ర్యాన్సమ్‌వేర్ సరిగ్గా ఇలా తెరిచి ఉన్న ఐపీఎంఐల ద్వారానే సర్వర్లలోకి దూరింది.

రెండో మెట్టు: యూజర్, పాస్‌వర్డ్, సోల్

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చడం చెప్పక్కర్లేని పని, అయినా చెబుతున్నాను. ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డ్ 20 అక్షరాలు మించదు. ఆ ఇరవైనీ వాడేయండి, యాదృచ్ఛికంగా తయారుచేసినవి పెట్టండి. పై హాష్ గొడవకి వీలాన్ తర్వాత మన చేతిలో ఉన్న మందు ఇదొక్కటే. సైఫర్ సూట్ (లాగిన్, ఎన్‌క్రిప్షన్ ఏ పద్ధతిలో జరగాలో చెప్పే నంబరు) 0 ఆపేసి ఉందో లేదో కూడా చూడండి. అది తెరిచి ఉంటే పాస్‌వర్డ్‌తో పనే లేకుండా లోపలికి రావచ్చు. మీ బీఎంసీకి చేతనైతే 17 వాడండి.

కన్సోల్ కోసం విడిగా ఒక యూజర్‌ని పెట్టండి, హక్కు ఆపరేటర్ వరకే ఇవ్వండి. ఆపరేటర్‌కి పవర్ ఆఫ్ చేసే వీలుంటుంది కానీ యూజర్లను మార్చే వీలుండదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు: పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటుంది కానీ కనెక్షన్ రాదు. ఐపీఎంఐటూల్ తనంతట తాను అడ్మినిస్ట్రేటర్ హక్కు అడుగుతుంది, బీఎంసీ కాదంటుంది. పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఆపరేటర్ అని స్పష్టంగా చెప్పాలి. ఇంటర్‌ఫేస్ కూడా లాన్‌ప్లస్ అని ఇవ్వాలి, ఉత్త లాన్ అంటే పాత 1.5 ప్రోటోకాల్, దాంట్లో సోల్ రాదు.

తర్వాత ఐపీఎంఐటూల్ సోల్ ఇన్ఫో 1 కొట్టండి. ఎనేబుల్డ్ ట్రూ అని, బిట్ రేటు 115.2 అని ఉండాలి. వోలటైల్, నాన్ వోలటైల్ అని రెండు రేట్లు కనిపిస్తాయి. రెంటినీ మార్చండి, లేకపోతే బీఎంసీ రీసెట్ అయిన రోజున పాత రేటు తిరిగొస్తుంది. కొత్త యూజర్‌కి సోల్ పేలోడ్ ఎనేబుల్ కూడా చేయాలి.

మూడో మెట్టు: బయోస్, గ్రబ్, కెర్నల్

నా నల్లటి తెరకి కారణం ఇక్కడుంది. బీఎంసీ గొట్టం మాత్రమే ఇస్తుంది, అందులో నీళ్లు పోయాల్సింది బయోస్, గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్ మెనూ ప్రోగ్రాం), కెర్నల్. ఈ మూడూ ఒకే సీరియల్ పోర్టు మీద, ఒకే వేగంతో మాట్లాడాలి.

బయోస్‌లో కన్సోల్ రీడైరెక్షన్ ఆన్ చేసి, సోల్ ఉన్న పోర్టు ఎంచుకుని, 115200 పెట్టండి. రీడైరెక్షన్ ఆఫ్టర్ పోస్ట్ లాంటి ఆప్షన్ కనిపిస్తే ఆపేయండి. గ్రబ్ స్వయంగా సీరియల్ మీద రాస్తున్నప్పుడు బయోస్ కూడా రాస్తే ఒక్కో అక్షరం రెండేసిసార్లు వస్తుంది.

లైనక్స్‌కి ఆ పోర్టు ఏ పేరుతో కనిపిస్తుందన్నది పెద్ద తలనొప్పి. చాలా సర్వర్లలో టీటీవైఎస్1, కొన్నింటిలో టీటీవైఎస్0, అక్కడక్కడా టీటీవైఎస్2. మాన్యువల్ వెతకడం కన్నా ఇలా తేల్చేయడం తేలిక: ఒక కిటికీలో ఐపీఎంఐటూల్ సోల్ యాక్టివేట్‌తో సోల్ తెరిచి పెట్టండి, ఇంకో కిటికీలో ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి ఎకో కమాండ్‌తో "ఒకటి" అని టీటీవైఎస్1లోకి, "సున్నా" అని టీటీవైఎస్0లోకి పంపండి (ఇంగ్లిష్‌లో రాసి పంపండి సుమా). సోల్ కిటికీలో ఏది కనిపిస్తే అదే మీ పోర్టు. పిచ్చి అక్షరాలు కనిపిస్తే పోర్టు సరైనదే, వేగం కలవలేదు.

ఇప్పుడు ఈటీసీ కింద డీఫాల్ట్ డైరెక్టరీలో గ్రబ్ ఫైలు తెరవండి. గ్రబ్ టెర్మినల్ విలువగా కన్సోల్, సీరియల్ రెండూ ఇవ్వండి. సీరియల్ కమాండ్ లైనులో యూనిట్ 1, స్పీడ్ 115200 పెట్టండి. కెర్నల్ కమాండ్ లైనులో కన్సోల్=టీటీవై0 (అంటే మానిటర్), దాని తర్వాత కన్సోల్=టీటీవైఎస్1,115200ఎన్8 రాయండి. వరస ముఖ్యం. కెర్నల్ మెసేజ్‌లు రెండింటికీ వెళ్తాయి, కానీ చివర రాసినదే డెవ్ కన్సోల్ అవుతుంది. ఎమర్జెన్సీ షెల్, డిస్క్ చెకింగ్ లాంటివి మాట్లాడేది దాంతోనే. సీరియల్‌ని ముందు, టీటీవై0ని వెనక పెడితే, బూట్ మెసేజ్‌లు బాగానే వచ్చి సరిగ్గా అవసరమైన చోట తెర ఆగిపోతుంది. అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. లాగిన్ ప్రాంప్ట్ కోసం వేరే ఏమీ చేయక్కర్లేదు, కెర్నల్ లైనులో సీరియల్ ఉంటే సిస్టమ్‌డీ గెట్టీని (లాగిన్ అడిగే ప్రోగ్రాం) తనే లేపుతుంది.

వేగం 9600 వద్దనడానికి లెక్క ఉంది. ఒక్కో బైటుకి పది బిట్లు కాబట్టి 9600లో సెకనుకి 960 అక్షరాలు, 115200లో 11,520 వస్తాయి. ఫైర్‌వాల్ లాగ్‌లు కన్సోల్ మీద కురుస్తుంటే నెమ్మది వేగంలో కెర్నల్ ఆ అక్షరాలు వెళ్లేదాకా నిలబడిపోతుంది, మెషీన్ మొత్తం నత్తనడక నడుస్తుంది. కెర్నల్ ప్రింట్‌కే స్థాయిని 4కి తగ్గించి పెట్టుకుంటే వార్నింగ్‌లు, అంతకన్నా చిన్నవి డీమెసేజ్‌కే (కెర్నల్ లాగ్ చూపే కమాండ్) పరిమితమవుతాయి, ఎర్రర్లు మాత్రమే కన్సోల్‌కి వస్తాయి.

నాలుగో మెట్టు: రూట్‌కి పాస్‌వర్డ్, బ్రేక్ సిగ్నల్

ప్రతి సర్వర్‌లో రూట్‌కి ఒక పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి, దాన్ని పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి, ఎస్‌ఎస్‌హెచ్‌లో మాత్రం రూట్ లాగిన్ ఆపేయండి. "రూట్‌కి పాస్‌వర్డ్ ఉండకపోవడమే సేఫ్ కదా" అని మా టీమ్‌లో ఒక తమ్ముడు వాదించాడు. ఎస్‌ఎస్‌హెచ్ వరకూ నిజమే. ఎమర్జెన్సీ మోడ్‌లో మాత్రం ఆ సేఫ్టీ మనల్నే బయట నిలబెడుతుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో బూట్‌కి అవసరం లేని డిస్కులకి, అవి లేకపోయినా బూట్ ఆగకుండా, నోఫెయిల్ అని రాయడం కూడా ఈ చేత్తోనే చేసేయండి.

మెషీన్ పూర్తిగా బిగుసుకుపోతే సిస్ఆర్‌క్యూ (కెర్నల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సదుపాయం) పనికొస్తుంది. సోల్‌లో ఎంటర్ కొట్టి, ~ తర్వాత పెద్ద బీ నొక్కితే బ్రేక్ అనే సీరియల్ సిగ్నల్ వెళ్తుంది. ఐదు సెకన్లలోపు ఎస్ నొక్కితే డిస్కులు సింక్ అవుతాయి. మళ్లీ బ్రేక్ పంపి యూ, ఇంకోసారి బ్రేక్ పంపి బీ. దాంతో డిస్కులు రీడ్-ఓన్లీ అయి మెషీన్ రీబూట్ అవుతుంది. ప్రతి అక్షరానికీ ముందు బ్రేక్ విడిగా పంపాలి. ఉబుంటులో కెర్నల్ సిస్ఆర్‌క్యూ విలువ మామూలుగా 176 ఉంటుంది. అది 128, 32, 16ల మొత్తం, అంటే రీబూట్, రీడ్-ఓన్లీ, సింక్. ఈ పనికి అది చాలు. నేరుగా పవర్ కట్ చేయడం కన్నా ఇది ఎంతో నయం.

~ గురించి ఒక మాట. సోల్ నుంచి బయటికి రావడానికి ~. కొట్టాలి. కానీ మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి ఐపీఎంఐటూల్ నడుపుతుంటే ఆ ~. ని ఎస్‌ఎస్‌హెచ్ మింగేసి తనే తెగిపోతుంది, సోల్ సెషన్ అక్కడ వేలాడుతూ ఉండిపోతుంది. ~~. అని కొట్టండి. రెండు ఎస్‌ఎస్‌హెచ్‌లు దాటి వెళ్తే ఇంకా ఎక్కువ కావాలి. ఈ లెక్కలు పడని వాళ్లు చిన్న ఈ ఆప్షన్‌తో ఐపీఎంఐటూల్ ఎస్కేప్ అక్షరాన్నే & లాంటి దానికి మార్చుకోవచ్చు. బ్రేక్‌కి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఐదో మెట్టు: కాన్‌సర్వర్

ఇంతవరకూ చేసిందంతా కన్సోల్ తెరుచుకోవడానికి. కానీ కెర్నల్ పానిక్ అయినప్పుడు (కోలుకోలేని లోపంతో ఆగిపోయినప్పుడు) చివరి మాటలు ఒక్కసారే వస్తాయి. డిస్కే పోతే అవి సిస్‌లాగ్‌లో కూడా పడవు. ఆ క్షణంలో అవతల వినేవాడు లేకపోతే పోయినట్టే. అందుకని ప్రతి సర్వర్ సోల్‌నీ ఇరవైనాలుగ్గంటలూ పట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఫైల్లో రాసే ప్రోగ్రాం కావాలి. కాన్‌సర్వర్ ఆ పని చేస్తుంది. 1990లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ప్రోగ్రాం ఇది, చాలా ఏళ్లుగా బ్రయాన్ స్టాన్‌సెల్ దాన్ని చూసుకుంటూ వస్తున్నారు. కాన్‌మ్యాన్ అనే ఇంకోటి కూడా ఉంది, అదీ మంచిదే. నాకు కాన్‌సర్వర్ అలవాటు.

దాన్ని ఎక్కడ నడపాలన్నది ముందు తేల్చుకోండి. మీ వర్చువల్ మెషీన్ల క్లస్టర్‌లో ఒక వీఎంగా మాత్రం పెట్టకండి. క్లస్టర్ పడిపోయిన రోజున దాన్ని లేపాల్సిన కన్సోల్ కూడా దాంతోపాటే పడిపోతుంది. ఒక పాత చిన్న మెషీన్ చాలు, వేరే పవర్ లైను మీద, వీలైతే ఒక 4జీ మోడెమ్‌తో. సెట్టింగ్స్‌లో బీఎంసీలకి పేర్లు కాకుండా ఐపీలే రాయండి, పడిపోయింది డీఎన్‌ఎస్ సర్వరే అయితే పేర్లు పలకవు. లాగిన్ ఎల్‌డాప్ (యూజర్ల వివరాలు ఒకేచోట ఉంచే సర్వర్) మీద ఆధారపడితే లోకల్‌గా కనీసం ఒక యూజర్‌ని ఉంచండి.

కాన్‌సర్వర్-సర్వర్, కాన్‌సర్వర్-క్లయింట్ ప్యాకేజీలు ఎక్కించాక ఈటీసీ కింద కాన్‌సర్వర్ డైరెక్టరీలో సీఎఫ్ ఫైలు ఉంటుంది. దాంట్లో ముందు ఒక డీఫాల్ట్ బ్లాకు రాసుకుంటే ప్రతి సర్వర్‌కీ అదే వర్తిస్తుంది. నా డీఫాల్ట్‌లో ఉండేవి: మాస్టర్ లోకల్‌హోస్ట్, టైప్ ఎగ్జెక్, ఆప్షన్స్‌లో ఆటోరీఇనిట్, లాగ్‌ఫైల్ పాత్‌లో సర్వర్ పేరు రావాల్సిన చోట & గుర్తు, టైమ్‌స్టాంప్ 1హెచ్ఏబీ. ఆఖరుదాని అర్థం గంటకోసారి టైము వేయమని, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరు బ్రేక్ పంపారు అన్నది కూడా రాయమని. ఆటోరీఇనిట్ ఉంటే లైను తెగినప్పుడు దానంతట అదే మళ్లీ పట్టుకుంటుంది, దొరక్కపోతే నిమిషానికోసారి ప్రయత్నిస్తుంది.

ఎగ్జెక్ దగ్గర ఐపీఎంఐటూల్‌ని నేరుగా పిలవకుండా చిన్న షెల్ స్క్రిప్టు పెట్టండి. మొదటి లైను సోల్ డీయాక్టివేట్, రెండోది సోల్ యాక్టివేట్. సోల్‌ని ఒక్కరే పట్టుకోగలరు. కన్సోల్ మెషీన్ రీబూట్ అయి వచ్చేసరికి పాత సెషన్ బీఎంసీలో ఇంకా బతికే ఉంటుంది, కొత్తదాన్ని రానివ్వదు. ముందు డీయాక్టివేట్ చేస్తే ఆ పీడ వదులుతుంది. పాస్‌వర్డ్‌ని కమాండ్‌లో రాయకండి, నడుస్తున్న ప్రోగ్రాంలు చూపే పీఎస్ కమాండ్ కొట్టిన ప్రతివాడికీ కనిపిస్తుంది. 600 పర్మిషన్ ఉన్న ఫైల్లో పెట్టి చిన్న ఎఫ్ ఆప్షన్‌తో ఇవ్వండి.

తర్వాత ఒక్కో సర్వర్‌కి ఒక్కో కన్సోల్ బ్లాకు, పేరు, స్క్రిప్టు. చదివి రాయగలిగే హక్కు ఆర్‌డబ్ల్యూలో, చూడ్డానికి మాత్రమే హక్కు ఆర్‌ఓలో. కాన్‌సర్వర్‌ని పెద్ద ఎస్ ఆప్షన్‌తో నడిపితే ఫైల్లో తప్పులుంటే చెబుతుంది. సరిగ్గా ఉంటే హప్ సిగ్నల్ పంపండి చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు, తెరిచి ఉన్న మిగతా కన్సోళ్లు తెగవు.

వాడకం సులువు. కన్సోల్ అని కొట్టి పక్కన సర్వర్ పేరు. కంట్రోల్-ఈ, సీ, ఆ తర్వాత చుక్క కొడితే బయటికి వస్తారు. చుక్క బదులు ప్రశ్నార్థకం కొడితే మిగతా కీలన్నీ చూపిస్తుంది, ఆర్ కొడితే చివరి ఇరవై లైన్లు మళ్లీ చూపిస్తుంది. ముందే ఇంకొకరు రాస్తుంటే మీరు చూస్తూ ఉండాల్సిందే, ఎఫ్ కొడితే రాసే హక్కు లాక్కోవచ్చు. లాక్కునే ముందు ఒక ఫోన్ చేయడం మర్యాద. బ్యాష్‌లో లైను చివరికి వెళ్లడానికి కంట్రోల్-ఈ అలవాటున్న వాళ్లు, వెంటనే సీ కొడితే కాన్‌సర్వర్ మధ్యలో దూరుతుందని గుర్తుంచుకోండి.

ఆరో మెట్టు: నిర్వహణ

లాగ్ ఫైళ్లకి లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లని పక్కకి తీసి కొత్తవి మొదలుపెట్టే ప్రోగ్రాం) పెట్టాక కాన్‌సర్వర్‌కి యూఎస్ఆర్2 సిగ్నల్ పంపే లైను కూడా పెట్టండి. అది లేకపోతే ఫైలు పేరు మారినా కాన్‌సర్వర్ పాత ఫైల్లోకే రాస్తూ ఉంటుంది, కొత్త ఫైలు ఖాళీగా కనిపిస్తుంది. లాగ్‌లకి పర్మిషన్ గట్టిగా పెట్టండి. పాస్‌వర్డ్ అడిగిన చోట కొట్టింది తెరమీద కనిపించదు కాబట్టి లాగ్‌లోనూ పడదు. కానీ తొందర్లో లాగిన్ అడిగిన చోట పాస్‌వర్డ్ కొట్టేస్తాం చూశారా, అది మొత్తం లాగ్‌లో పడుతుంది. నేనే రెండుసార్లు కొట్టాను, రెండుసార్లూ పాస్‌వర్డ్ మార్చుకున్నాను.

కన్సోల్ కమాండ్‌కి చిన్న యూ ఆప్షన్ ఇస్తే ఏ కన్సోల్ అప్, ఏది డౌన్ చూపిస్తుంది. దాన్ని రోజూ పొద్దున క్రాన్‌లో (టైము ప్రకారం కమాండ్లు నడిపేది) నడిపి డౌన్ ఉన్నవి మెయిల్ చేయించుకోండి. లాగ్‌లలో పానిక్, ఐఓ ఎర్రర్ లాంటి మాటలు వెతికే చిన్న స్క్రిప్టు కూడా దాని పక్కనే పెట్టండి. మా దగ్గర ఒక డిస్క్ చావబోతున్న సంగతి మానిటరింగ్ కన్నా రెండు రోజుల ముందు ఈ స్క్రిప్టే చెప్పింది.

బీఎంసీ తనదైన ఈవెంట్ లాగ్ కూడా రాస్తుంది. ఐపీఎంఐటూల్ సెల్ ఈలిస్ట్ కొట్టి నెలకోసారి చూడండి, కాపీ తీసుకుని క్లియర్ చేయండి. నిండిపోతే కొన్ని బీఎంసీలు కొత్తవి రాయడం మానేస్తాయి. బీఎంసీ గడియారం కూడా తప్పుతూ ఉంటుంది, సెల్ టైమ్ సెట్ నౌ కొడితే సరిపోతుంది. ఫర్మ్‌వేర్‌ని వాయిదా వేయకండి. 2025 మార్చిలో ఏఎంఐ కంపెనీ మెగారాక్ బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ లేకుండానే లోపలికి రాగలిగే లోపం బయటపడింది, తీవ్రత స్కోరు పదికి పది. ఆ సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీల బోర్డుల్లో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మూడు నెలలకోసారి ఒక సర్వర్‌ని ఎంచుకుని కన్సోల్ తెరిచిపెట్టి రీబూట్ చేయండి. బయోస్ బొమ్మ, గ్రబ్ మెనూ, కెర్నల్ మెసేజ్‌లు, లాగిన్ ప్రాంప్ట్, నాలుగూ కనిపించాలి. గ్రబ్‌లో ఆగి పాత కెర్నల్ ఎంచుకోవడం ప్రాక్టీస్ చేయండి. ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత గ్రబ్ సెట్టింగ్స్ చెరిగిపోయిన సంగతి నాకు ఇలాగే తెలిసింది.

మొండికేస్తే

తెర ఖాళీగా ఉంటే ముందు ఎంటర్ కొట్టండి, సీరియల్ కన్సోల్ అడిగితే తప్ప పలకదు. అయినా పలక్కపోతే కాన్‌సర్వర్‌లో కంట్రోల్-ఈ, సీ, ఓ కొట్టి లైను మూసి తెరవండి. పిచ్చి అక్షరాలైతే వేగాలు కలవలేదు, డబుల్ అక్షరాలైతే బయోస్ రీడైరెక్షన్. వీఐ ఎడిటర్ తెర చిందరవందరగా ఉంటే ఎస్‌టీటీవై రోస్ 24 కాల్స్ 80 కొట్టండి, సీరియల్ లైనుకి మీ కిటికీ సైజు తెలియదు.

సోల్ అసలు తెరుచుకోకపోతే బీఎంసీ బిగుసుకుని ఉండొచ్చు. ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్ కొట్టండి. రీసెట్ అయ్యేది బీఎంసీ మాత్రమే, సర్వర్ నడుస్తూనే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఫ్యాన్లు గోల చేస్తే కంగారుపడకండి. నెట్‌వర్క్ మీద బీఎంసీ పలకకపోతే సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి లోపలి నుంచి ఇదే కమాండ్ కొట్టొచ్చు. దానికీ లొంగకపోతే సర్వర్ మీది పనులన్నీ వేరేచోటికి మార్చి, షట్‌డౌన్ చేసి, అక్కడ మనిషి చేత రెండు పవర్ కేబుళ్లూ పీకించి ముప్పై సెకన్లు ఆగి పెట్టించాలి. రెండూ అని గట్టిగా చెప్పండి. ఒక్కటే పీకితే రెండో పవర్ సప్లై బీఎంసీని బతికించే ఉంచుతుంది.